హైడ్రోజన్ చేతులు మారే దారులు: టెట్రలిన్ నుంచి బొగ్గులోకి

బట్టల బీరువాలో వేసే కలరా ఉండ నిజానికి నాఫ్తలీన్. రెండు బెంజీన్ వలయాలు ఒక అంచును పంచుకుని అతుక్కున్న అణువు అది. ఆ రెండింటిలో ఒక వలయానికి నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఎక్కిస్తే టెట్రలిన్ వస్తుంది. 207 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే ఈ రంగులేని ద్రవాన్ని పైపైన చూస్తే ఒక మామూలు ద్రావణి అనిపిస్తుంది. కానీ బొగ్గు పొడిని అందులో కలిపి, మూత బిగించిన పాత్రలో 400 డిగ్రీలు దాటేలా వేడి చేస్తే, బయటి నుంచి హైడ్రోజన్ వాయువు పంపకపోయినా బొగ్గులో పెద్ద భాగం కరిగిపోతుంది. చల్లార్చాక పాత్రలో చూస్తే టెట్రలిన్‌లో కొంత తిరిగి నాఫ్తలీన్‌గా మారి ఉంటుంది. దాని మీద ఎక్కించిన హైడ్రోజన్ బొగ్గులోకి వెళ్లిపోయింది.

ఇది ప్రయోగశాల ముచ్చటగా మిగిలిపోలేదు. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ పాట్, హాన్స్ బ్రోషె అనే ఇద్దరు రసాయనవేత్తల పేర్ల మీద పాట్–బ్రోషె పద్ధతి వచ్చింది. టెట్రలిన్, క్రెసాల్ కలిపిన ద్రావణితో బొగ్గును కరిగించే కర్మాగారం రూర్ ప్రాంతంలోని వెల్‌హైమ్‌లో 1938 నుంచి 1944 దాకా నడిచింది. అంతకు పాతికేళ్ల ముందే ఫ్రీడ్రిష్ బెర్గియస్ అధిక పీడనంలో హైడ్రోజన్ వాయువును నేరుగా బొగ్గు మీదికి పంపే దారి పట్టాడు, 1931లో కార్ల్ బాష్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. వాయువు రూపంలో ఉన్న హైడ్రోజన్‌ను లొంగదీయడానికి బరువైన ఉక్కు పాత్రలు, భారీ పీడనం, ఉత్ప్రేరకాలు కావలసి వస్తే, అదే హైడ్రోజన్ ఒక హైడ్రోకార్బన్ అణువు మీద కూర్చుని వచ్చినప్పుడు అంత సులువుగా ఎలా చేతులు మారుతోంది? ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే జవాబు సగమే నిజం. మిగతా సగం కోసం రసాయనవేత్తలు పాతికేళ్లకు పైగా వాదించుకున్నారు.

ముందు లెక్కలు చూడాలి. హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువులను విడదీయడానికి మోల్‌కు 436 కిలోజౌళ్లు కావాలి. బెంజీన్ వలయం మీది కార్బన్–హైడ్రోజన్ బంధానికి సుమారు 473. సాధారణ ఆల్కేన్‌లలో అది 400 పైనే ఉంటుంది. టోలీన్‌లో వలయానికి ఆనుకుని ఉన్న కార్బన్ మీది హైడ్రోజన్ అయితే 375కి దిగుతుంది, టెట్రలిన్‌లో అలాంటి చోట సుమారు 350. రెండు వైపులా బెంజీన్ వలయాలున్న 9,10-డైహైడ్రో ఆంథ్రసీన్‌లో, రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న 1,4-సైక్లోహెక్సాడయీన్‌లో ఈ విలువ 320 దరిదాపుల్లోకి వస్తుంది. హైడ్రోజన్ వెళ్లిపోయాక మిగిలే ఒంటరి ఎలక్ట్రాన్ పక్కనున్న వలయంలోకి పరుచుకుని నెమ్మదిస్తుంది గనుక అక్కడ బంధం బలహీనం. టెట్రలిన్‌లోని అన్ని హైడ్రోజన్లూ ఒకటి కాదు. పని జరిగేది వలయానికి ఆనుకున్న ఆ రెండు కార్బన్ల దగ్గర. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) గుర్తు పెట్టిన టెట్రలిన్‌తో చేసిన ప్రయోగాల్లోనూ మార్పిడి ప్రధానంగా ఆ చోట్లలోనే కనబడింది.

కానీ మొదటి హైడ్రోజన్ ఖరీదు ఒక్కటే చూస్తే అసలు విషయం చేజారిపోతుంది. రెండో హైడ్రోజన్ ఎంత చవక అన్నదే ముఖ్యం. డైహైడ్రో ఆంథ్రసీన్ నుంచి ఒక హైడ్రోజన్ పోయాక మిగిలిన రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క) మీద రెండోది కేవలం 185 కిలోజౌళ్లతో వేలాడుతుంటుంది. నాఫ్తలీన్ మీద ఒకే హైడ్రోజన్ ఎక్కించిన రాడికల్‌లో అయితే సుమారు 120. కారణం, ఆ హైడ్రోజన్ జారిపోతే బెంజీన్‌లా ఎలక్ట్రాన్లు వలయమంతా పరుచుకున్న పూర్తి ఆరోమాటిక్ వలయం తిరిగి వస్తుంది, ఆ స్థిరత్వమే బంధాన్ని బలహీనపరుస్తోంది. టెట్రలిన్ ఈ మెట్లన్నీ ఒక్కసారి దిగదు. మొదట రెండు హైడ్రోజన్లు పోయి డైహైడ్రోనాఫ్తలీన్ అవుతుంది, అది మిగతా రెండింటినీ ఇంకా తొందరగా వదిలేస్తుంది. అందుకే పాత్రలో డైహైడ్రోనాఫ్తలీన్ పెద్దగా పోగుపడదు. రెండు వలయాల్లోనూ హైడ్రోజన్ నిండిన డెకలిన్ ఇంకా ఎక్కువ హైడ్రోజన్ మోస్తుంది కానీ హైడ్రోజన్ ఇచ్చే దాతగా బలహీనం. దాని బంధాలు ఆల్కేన్ బంధాల్లాంటివే, ఒక అడుగు వేస్తే దక్కే ఆరోమాటిక్ బహుమతి దానికి లేదు. ఎంత మోస్తోందన్న దాన్ని బట్టి దాతను ఎంచితే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

ఇక చర్యా విధానం. దాదాపు అందరూ మొదట నేర్చుకునేది 1967లో కరన్, స్ట్రక్, గోరిన్ వివరించిన బొమ్మ. బొగ్గు అంటే ఆరోమాటిక్ గుంపులను సన్నని వంతెనలతో కలిపిన పెద్ద అణుజాలం. వేడికి ఆ వంతెనల్లో బలహీనమైనవి వాటంతట అవే తెగి రెండు రాడికల్‌లు పుడతాయి. పక్కనే దాత ఉంటే ఒక్కో రాడికల్ దాని నుంచి ఒక హైడ్రోజన్ లాక్కుని శాంతిస్తుంది, చిన్న అణువై ద్రావణిలో కలిసిపోతుంది. దాత లేకపోతే రాడికల్‌లు ఒకదానితో ఒకటి, లేదా పక్క వలయాలతో అతుక్కుని మొదటికన్నా గట్టి పదార్థంగా, చివరికి కోక్‌గా మారతాయి. ఈ బొమ్మలో వేగాన్ని నిర్ణయించేది వేడి ఒక్కటే. దాత పాత్ర కేవలం తెగిన కొసలకు మూత వేయడం.

దీనికి సాక్ష్యంగా తరచూ చూపేది బైబెంజైల్. రెండు బెంజైల్ ముక్కలను కలిపే ఆ మధ్య బంధం విలువ సుమారు 257 కిలోజౌళ్లు. 400 డిగ్రీల దగ్గర దాని అర్ధాయువు గంటల్లో ఉంటుంది. టెట్రలిన్‌లో వేడి చేస్తే టోలీన్ శుభ్రంగా వస్తుంది, బైబెంజైల్ తగ్గే వేగం దాత గాఢతను పెద్దగా పట్టించుకోదు. బొగ్గులో ఉండే బెంజైల్–ఆక్సిజన్ వంతెనలు ఇంకా బలహీనం, అవి ఇంకా ముందే తెగుతాయి. ఇంతవరకు ఈ బొమ్మలో తప్పు లేదు. అది చెప్పే సంగతి నిజంగానే జరుగుతుంది.

చిక్కు రెండు చోట్ల వచ్చింది. మొదటిది 1976లో ఎక్సాన్ పరిశోధకుడు నీవెల్ చూపినది. బిట్యుమినస్ బొగ్గును ఒకసారి టెట్రలిన్‌లో, ఇంకోసారి హైడ్రోజన్ ఇవ్వలేని నాఫ్తలీన్‌లో 400 డిగ్రీల దగ్గర కొద్దిసేపు ఉంచితే, తొలి కొద్ది నిమిషాల్లో రెండింటిలోనూ బొగ్గు దాదాపు ఒకే మేర కరిగే రూపంలోకి మారింది. తేడా ఆ తర్వాతే మొదలైంది. టెట్రలిన్‌లో కరిగింది కరిగినట్టే ఉంటే, నాఫ్తలీన్‌లో కరిగింది మళ్లీ గట్టిపడుతూ వచ్చింది. దాత లేకుండా తొలి నిమిషాల్లో తెగిన కొసలకు మూత వేసిందెవరు? బొగ్గు తనే. బొగ్గులో టెట్రలిన్‌లా కొంత హైడ్రోజన్ ఎక్కి ఉన్న హైడ్రోఆరోమాటిక్ భాగాలు తమ హైడ్రోజన్‌ను పక్కవాటికి పంచాయి. ఆ పంపకంలో నాఫ్తలీన్ మోసుకెళ్లే పని చేసింది, ఒకచోట హైడ్రోజన్ అందుకుని ఇంకోచోట దించింది. పైరీన్, ఫినాంత్రీన్ లాంటి పెద్ద ఆరోమాటిక్‌లు ఈ మోతలో ఇంకా చురుకు. అంటే ద్రావణి దాత కాకపోయినా వాహకం కావచ్చు. బొగ్గు సొంత హైడ్రోజన్ అయిపోయాక బయటి దాత అవసరం మొదలవుతుంది. కర్మాగారం నడిపేవారికి ఇది డబ్బు లెక్క కూడా. ఖరీదైన దాత కావలసింది మొదటి నిమిషంలో కాదు, తర్వాతి అరగంటలో.

రెండో చిక్కు ఇంకా లోతైనది. బొగ్గులో రెండు ఆరోమాటిక్ గుంపుల మధ్య ఒకే కార్బన్ ఉన్న వంతెనలు చాలా ఉంటాయి. వాటికి సరళమైన నమూనా డైఫినైల్ మీథేన్. అందులో వలయాన్ని, మధ్య కార్బన్‌ను కలిపే బంధం విలువ సుమారు 375 కిలోజౌళ్లు. వేడి ఒక్కదానితో అది 400 డిగ్రీల దగ్గర తెగాలంటే ఎంత కాలం పడుతుందో లెక్క వేస్తే లక్షల సంవత్సరాలు వస్తుంది. అయినా నాఫ్తలీన్ గుంపులున్న ఇలాంటి వంతెనలు దాత ద్రావణిలో గంటల్లో తెగుతాయి. మూత వేసే బొమ్మ ఇక్కడ చేతులెత్తేస్తుంది. తెగిన కొసకు మూత వేయవచ్చు, తెగని బంధానికి ఏం మూత వేస్తారు?

జవాబు ఏమిటంటే దాత ముందుగానే కల్పించుకుంటోంది. వంతెన అతుక్కుని ఉన్న వలయపు కార్బన్ మీదే, రసాయనవేత్తలు ఇప్సో స్థానం అనే చోట, ఒక హైడ్రోజన్ పరమాణువు వచ్చి కూర్చుంటుంది. దాంతో ఆ వలయం ఆరోమాటిక్ గుణం పోగొట్టుకుని రాడికల్ అవుతుంది. తిరిగి ఆరోమాటిక్ కావాలంటే ఆ కార్బన్ రెండింటిలో ఒకదాన్ని వదలాలి, వచ్చిన హైడ్రోజన్‌ను గాని, పాత వంతెనను గాని. వంతెన కొసన బెంజైల్ లాంటి స్థిరమైన రాడికల్ ఏర్పడేట్టయితే వంతెననే వదులుతుంది. 375 కిలోజౌళ్ల బంధం ఇలా చాలా తక్కువ ఖర్చుతో తెగిపోతుంది. దాత ఇక్కడ మూత కాదు, కత్తెర.

ఆ హైడ్రోజన్‌ను ఇప్సో స్థానానికి తెచ్చింది ఎవరన్నదే అసలు వివాదం. స్వేచ్ఛగా తిరిగే హైడ్రోజన్ పరమాణువు తెచ్చి ఉండవచ్చు. నాఫ్తలీన్ మీద ఒకే హైడ్రోజన్ ఎక్కిన హైడ్రోనాఫ్తైల్ లాంటి రాడికల్ నుంచి జారిన పరమాణువు ఎదురైన వలయానికి అతుక్కుంటుంది, కానీ దానికి ఎంపిక తక్కువ, ఎక్కడ పడితే అక్కడ తగులుతుంది. అమెరికాలోని ఎస్‌ఆర్‌ఐ ఇంటర్నేషనల్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన మెక్‌మిలన్, మల్హోత్రా, వారి సహచరులు 1980ల్లో మరో దారి ప్రతిపాదించారు. హైడ్రోనాఫ్తైల్ రాడికల్ తన హైడ్రోజన్‌ను గాలిలోకి వదలకుండా, ఒకే అడుగులో నేరుగా పక్క వలయపు ఇప్సో కార్బన్‌కు అందిస్తుందని వారి వాదన. దీనికి రాడికల్ హైడ్రోజన్ బదిలీ అని పేరు. మూడో దారిలో రాడికల్ అవసరం కూడా లేదు. దాత అణువే ఆరోమాటిక్ గ్రహీతకు ఒక హైడ్రోజన్ ఇస్తుంది, దాంతో ఇద్దరూ రాడికల్‌లు అవుతారు. రెండు రాడికల్‌లు కలిసి ఒకటి హైడ్రోజన్ ఇచ్చి, ఇంకొకటి పుచ్చుకుని రెండూ స్థిరపడే చర్యకు ఇది సరిగ్గా తిరగబడ్డ రూపం. పేరు కూడా దానికి తగ్గట్టే తిరోగమన విషమానుపాతం అని చెప్పుకోవచ్చు.

ఈ మూడో దారిని మొదటిసారి విన్నవారికి నమ్మకం కుదరదు. శాంతంగా ఉన్న రెండు అణువులు ఎదురుపడి రెండు రాడికల్‌లు కావడం ఖర్చుతో కూడిన పనిలా కనిపిస్తుంది. కానీ జమాఖర్చు రాసి చూస్తే సందేహం తీరుతుంది. డైహైడ్రో ఆంథ్రసీన్ నుంచి హైడ్రోజన్ తీయడానికి 320 కిలోజౌళ్లు ఖర్చు. అదే హైడ్రోజన్ ఆంథ్రసీన్ మీద కూర్చుంటే 185 జమ. నికర ఖర్చు 135 మాత్రమే. ఒంటరి హైడ్రోజన్ పరమాణువును పుట్టించడానికి అయ్యే 320లో సగం కూడా కాదు. అదే టెట్రలిన్, నాఫ్తలీన్ జంటకు 350 ఖర్చు, 120 జమ, నికరం 230. ఈ రెండు అంకెల తేడా చాలు, డైహైడ్రో ఆంథ్రసీన్ 300 డిగ్రీల దగ్గరే చురుగ్గా ఉంటే టెట్రలిన్‌కు 400 ఎందుకు దాటాలో తెలియడానికి. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో క్రిస్టోఫ్ ర్యూషార్ట్ బృందం 1990ల్లో ఈ దారినే విడిగా పట్టుకుని చూపింది. ఉత్ప్రేరకం లేకుండా డైహైడ్రో ఆంథ్రసీన్, ఆల్ఫా-మిథైల్ స్టైరీన్‌ను వేడి చేస్తే హైడ్రోజన్ బదిలీ అయి క్యూమీన్, ఆంథ్రసీన్ వచ్చాయి. రాడికల్‌లను పుట్టించే మరే పదార్థమూ అక్కడ లేదు, అవి ఆ రెండు అణువుల కలయికలోనే పుట్టాయి.

రాడికల్ హైడ్రోజన్ బదిలీ విషయంలో ఏకాభిప్రాయం అంత తొందరగా రాలేదు. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ ప్రయోగశాలకు చెందిన ఫ్రాంజ్, ఆట్రీ తదితరులు ఆ ఒకే అడుగు బదిలీకి అడ్డుగా ఉన్న ఉత్తేజన శక్తి ముందు అనుకున్నదానికన్నా ఎక్కువని, చాలా ఫలితాలకు స్వేచ్ఛా పరమాణువులు, తిరోగమన విషమానుపాతమే చాలునని వాదించారు. సాక్ష్యాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏదో ఒక దారిని గెలిపించాలన్న పట్టుదలే ఈ చర్చకు చేటు చేసిందనిపిస్తుంది. ఏ దారి ముందుంటుందో దాతను, గ్రహీతను, ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. హైడ్రోజన్‌ను గట్టిగా పట్టుకునే, ఆంథ్రసీన్ మీద ఒకే హైడ్రోజన్ ఎక్కిన హైడ్రోఆంథ్రసైల్ రాడికల్‌లు ఎక్కువ సంఖ్యలో ఉంటాయి కానీ చేయి విదల్చవు. వదులుగా పట్టుకునే హైడ్రోనాఫ్తైల్ రాడికల్‌లు తక్కువగా పుడతాయి కానీ పుట్టినవి దూకుడుగా ఇస్తాయి. మంచి మూత వేసే దాత మంచి కత్తెర కాకపోవడానికి కారణం ఇదే. పైరీన్, ఫినాంత్రీన్ల హైడ్రో రూపాలు ఈ రెంటికీ నడిమధ్యన ఉంటాయి. అలాంటివి దండిగా ఉండే పునర్వినియోగ ద్రావణులు బొగ్గును బాగా కరిగించడం యాదృచ్ఛికం కాదు.

రాడికల్ అన్న మాటే లేకుండా రెండు హైడ్రోజన్లు ఒకేసారి చేతులు మారవచ్చని కూడా ఒక వాదన ఉండేది. 1979లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన విర్క్ దాన్ని ముందుకు తెచ్చాడు. ఒకే అడుగులో జరిగే చర్యల్లో ఏవి సాధ్యమో చెప్పే వుడ్‌వర్డ్–హాఫ్‌మన్ నియమాల ప్రకారం ఎలక్ట్రాన్లను లెక్కపెట్టి, ఏ జంట మధ్య ఇది సాధ్యమో, ఏ జంట మధ్య కాదో ముందే చెప్పాడు. 1,4-డైహైడ్రోనాఫ్తలీన్ తన 1,2 సోదరికన్నా ఆంథ్రసీన్‌కు చాలా తొందరగా హైడ్రోజన్ ఇవ్వాలి అన్నాడు, ప్రయోగంలో అలాగే జరిగింది. అందమైన వాదన ఇది. అయితే 1,4 రూపంలో ప్రతి హైడ్రోజన్ ఒక వైపు బెంజీన్ వలయం, మరో వైపు ద్విబంధం మధ్య ఇరుక్కుని ఉంటుంది, దాని బంధం మరింత బలహీనం. రాడికల్ దారిలో కూడా అదే ముందు పరుగెత్తాలి. రెండు సిద్ధాంతాలూ ఒకే జవాబు చెప్పినప్పుడు ఆ పరీక్ష వాటిని విడదీయలేదు. రెండు హైడ్రోజన్లూ ఒకేసారి కదిలే ఈ సమష్టి దారి నిస్సందేహంగా కనబడేది వేరే చోట. 1,4-సైక్లోహెక్సాడయీన్ వాయు స్థితిలో వేడెక్కి ఎదురెదురు కొసల నుంచి ఒకేసారి రెండు హైడ్రోజన్లు వదిలి బెంజీన్ అవుతుందని 1966లో ఎల్లిస్, ఫ్రే చూపారు. అయితే అక్కడ హైడ్రోజన్ మరొక అణువుకు వెళ్లలేదు, వాయువై పోయింది.

ఇక్కడిదాకా హైడ్రోజన్ ఒక ఎలక్ట్రాన్‌తో ప్రయాణించింది. రెండు ఎలక్ట్రాన్లు వెంటబెట్టుకుని హైడ్రైడ్‌గా వెళ్లే దారి పూర్తిగా వేరే ప్రపంచం, పెట్రోల్ బంకులో బండికి నింపే ఇంధనంలో దాని ముద్ర కనిపిస్తుంది. రిఫైనరీల్లో బరువైన నూనెను జియోలైట్ అనే సన్నని రంధ్రాల ఖనిజ ఉత్ప్రేరకం మీద పగలగొడతారు. ఆమ్ల గుణమున్న ఆ ఉపరితలం మీద కార్బన్ ధనాయానులు పుడతాయి. ఆ అయానుకు ఎదురైన హైడ్రోకార్బన్ తన హైడ్రైడ్ ఇచ్చేస్తే అది సంతృప్త అణువై బయటపడుతుంది, ఇచ్చినది కొత్త అయాను అవుతుంది. ఐసోబ్యూటేన్ నుంచి ఇలాంటి బదిలీ సెకనులో వెయ్యో వంతు కాలంలో జరిగిపోతుందని 1944లోనే బార్ట్‌లెట్ బృందం చూపింది. ఈ కొలిమిలో ఉదారంగా ఇచ్చేవి నాఫ్థీన్‌లు, అంటే సంతృప్త వలయాలు. ఒక నాఫ్థీన్, మూడు ఓలిఫిన్‌లు (ద్విబంధం ఉన్నవి) కలిస్తే చివరికి ఒక ఆరోమాటిక్, మూడు పారఫిన్‌లు (ద్విబంధం లేనివి) మిగులుతాయి. ఓలిఫిన్‌లు తగ్గితే పెట్రోల్ నిల్వకు స్థిరపడుతుంది కానీ ఇంజిన్‌లో తట్టుడు లేకుండా మండే గుణాన్ని చెప్పే ఆక్టేన్ సంఖ్య దిగుతుంది. జియోలైట్‌లో అరుదైన మృత్తిక లోహాల అయాన్లు ఎక్కిస్తే ఆమ్ల స్థానాలు దగ్గరదగ్గరగా నిలిచి ఈ బదిలీ పెరుగుతుంది, అల్యూమినియం తగ్గిస్తే తరుగుతుంది. ఉత్ప్రేరక తయారీదారులు ఈ రెండు కొసల మధ్య తూకం వేస్తూ ఉంటారు.

పల్లాడియం లాంటి లోహం ఉంటే ఈ వివాదాలు చాలావరకు సమసిపోతాయి. 1954లో బ్రాడ్, లిన్‌స్టెడ్ బృందం సైక్లోహెక్సీన్‌ను దాతగా పెట్టి పల్లాడియం మీద నైట్రో సమ్మేళనాలకు హైడ్రోజన్ బదిలీ చేసింది. లోహం దాత నుంచి హైడ్రోజన్‌ను విప్పి తన ఉపరితలం మీద ఉంచుకుని గ్రహీతకు అందిస్తుంది. పెప్టైడ్‌ల మీది బెంజైల్ రక్షణ గుంపులను తీయడానికి 1,4-సైక్లోహెక్సాడయీన్ గది ఉష్ణోగ్రత దగ్గరే పనికొస్తుంది. 400 డిగ్రీల రాడికల్ రసాయనానికి దీనితో ఉన్న బంధుత్వం దాతల పేర్లలోనే తప్ప విధానంలో లేదు.

తిరిగి బొగ్గు పాత్రలోకి వస్తే, దాత నష్టపోయే దారులు కూడా లెక్కలోకి రావాలి. టెట్రలిన్‌ను ఎక్కువసేపు వేడిలో ఉంచితే కొంత భాగం వలయం కుంచించుకుని 1-మిథైల్ ఇండాన్ అవుతుంది. అణువులో హైడ్రోజన్ సంఖ్య అంతే ఉంటుంది కానీ ఐదు కార్బన్ల వలయం ఆరోమాటిక్ కాలేదు గనుక ఇచ్చే గుణం పోయింది. కొంత వలయం తెగి బ్యూటైల్ బెంజీన్ అవుతుంది. రెండూ రాడికల్ దారిలోనే వచ్చే ఉప ఉత్పన్నాలు. పైగా సిద్ధాంతంలో కూడా 132 గ్రాముల టెట్రలిన్ ఇవ్వగలిగేది నాలుగు గ్రాముల హైడ్రోజన్ మాత్రమే. అందుకే పెద్ద స్థాయిలో ఎవరూ శుద్ధ టెట్రలిన్‌తో నడపరు. టెక్సస్‌లోని బేటౌన్‌లో 1980 నుంచి 1982 దాకా రోజుకు 250 టన్నుల బొగ్గును మార్చిన ఎక్సాన్ డోనర్ సాల్వెంట్ ప్లాంట్‌లో ద్రావణిని బొగ్గు నుంచే తీశారు. పని ముగిసిన ద్రావణిని వేరే పాత్రలోకి తీసుకెళ్లి, ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్ ఎక్కించి, మళ్లీ బొగ్గు దగ్గరికి పంపారు. బొగ్గులోని గంధకం, బూడిద తగిలి ఉత్ప్రేరకం చెడిపోకుండా ఆ రెండు పనులనూ ఇలా విడదీయడమే ఆ పద్ధతి బలం.

ఆ ద్రావణిలో హైడ్రోజన్ ఎంత ఎక్కించాలన్నది సున్నితమైన విషయం. తక్కువైతే రాడికల్‌లకు మూత పడదు. మరీ ఎక్కువైతే రెండో వలయం కూడా నిండి టెట్రలిన్‌లు డెకలిన్‌ల వైపు జరుగుతాయి. అప్పుడు హైడ్రోజన్ బరువు పెరుగుతుంది, దాత గుణం తరుగుతుంది, మోసుకెళ్లే ఆరోమాటిక్‌లు కూడా మాయమవుతాయి, కరిగిన బరువైన బొగ్గు అణువులు ద్రావణిలో నిలవలేక అడుగుకు దిగుతాయి.